మండువా మూసేసిన ఇంట్లో ఆరు కుటుంబాలు: విజయనగరం ఇంజనీర్లకు, అధికారులకు బహిరంగ లేఖ

విజయనగరంలో పాత ఇళ్ళకు ప్లాన్లు గీసే ఇంజనీర్లకు, ఆర్కిటెక్టులకు, ఆ ప్లాన్ల మీద సంతకం పెట్టే అధికారులకు,

నమస్కారం.

కోటకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక పాత వీధిలో, నూరేళ్ళు దాటిన మండువా లోగిలిని, అంటే మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు (మండువా) ఉన్న పాత ఇంటిని, ఆరు ఫ్లాట్లు చేశారు. కింది అంతస్తులో వెనకవైపు ఫ్లాటు నాది. ఒకప్పుడు అది ఆ ఇంటి వంటసాల, ధాన్యం కొట్టు. ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో కొనుక్కున్నాను. మిగతా ఐదు ఫ్లాట్ల వాళ్ళు చదివి ఒప్పుకున్నాకే ఈ లేఖ రాస్తున్నాను.

పదకొండు నెలల్లో మూడు అర్జీలు పెట్టాం. అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్సుకు రెండుసార్లు వెళ్ళి వరసలో నిలబడ్డాం. ఆమోదించిన ప్లాను కాపీ ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడిగాం. 30 రోజుల్లో రావలసిన జవాబు నాలుగో నెలలో వచ్చింది. అందులో ఉన్నది ఒకే వాక్యం, ఫైలు పరిశీలనలో ఉందని. మార్పులు చేసిన బిల్డరు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. అందుకని నలుగురి ముందూ చెప్పుకుంటున్నాను. ఎవరి పేరూ రాయడం లేదు. ఒకరిని దోషిగా నిలబెట్టడం కంటే, మా ఇంటిని సరిచేయించుకోవడం మాకు ముఖ్యం. మరో పాత ఇల్లు ఇలా కాకుండా చూడడం ఇంకా ముఖ్యం.

ముందుగా ఒక మాట. పాత ఇంటిని ఫ్లాట్లుగా మార్చడం తప్పని నేను అనడం లేదు. వారసులు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. ఎనిమిది వాటాలున్న ఇంటికి పెంకు నేయించే బాధ్యత ఏ ఒక్కరిదీ కాదు. పదేళ్ళు తాళం పడితే చెదలు తినేస్తాయి. ఆ తర్వాత జేసీబీ వస్తుంది. మన ఊళ్ళో 1885 నాటి గంటస్తంభం నిలబడి ఉంది. గురజాడ వారి ఇంటిని స్మారకంగా కాపాడుకున్నాం. మూడు లాంతర్ల కూడలిలోని పాత స్తంభాన్ని మాత్రం 2020లో కూల్చేశారు. ఆ కూడలి మీదుగా వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటాయి. ఊళ్ళో ప్రతి పాత ఇల్లూ స్మారకం కాలేదు కదా. మనుషులు కాపురం ఉంటేనే అలాంటి ఇళ్ళు బతుకుతాయి. ఆ నమ్మకంతోనే కొత్త అపార్టుమెంటు వద్దనుకుని ఇక్కడ కొన్నాను. కొన్నందుకు ఇప్పటికీ విచారం లేదు. ఇల్లు ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వేశారనేదే నా బాధ.

ఈ ఇల్లు ఎలా కట్టారో కాస్త వివరంగా చెప్పనివ్వండి. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్ళు మా ఇంటికి వచ్చి ఉంటే నాకు ఈ లేఖ రాసే పని ఉండేది కాదు.

వీధివైపు రెండు అరుగులు, వాటి మధ్య గడప. గడప దాటితే నడవ, నడవ దాటితే మండువా. మండువాకు నాలుగు వైపులా స్తంభాల మీద నిలిచిన వసారాలు, వాటి వెనక గదులు, ఆ వెనక వంటసాల, దొడ్డి, నుయ్యి. ముందు భాగానికి మాత్రం మేడ ఉంది. వెనక భాగమంతా పెంకులే, కప్పు లోపలివైపు వాలి ఉంటుంది. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి, మూల ఉన్న తూములోంచి, నడవ కింద కట్టిన కాలువ గుండా వీధి కాలువలోకి పోయేవి. మండువా నేల చుట్టూ ఉన్న వసారా కంటే జానెడు పల్లంగా ఉండేది, ఎంత వాన వచ్చినా నీళ్ళు గదుల్లోకి ఎక్కకూడదని. ఎండాకాలంలో వేడిగాలి ఆ ఖాళీలోంచి పైకి పోతే, వీధి గుమ్మం నుంచీ దొడ్డి గుమ్మం నుంచీ చల్లగాలి లోపలికి వచ్చేది. చుట్టూ గదులన్నిటికీ వెలుతురు కూడా అక్కడి నుంచే. పక్కింటి గోడలు ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఆ గదులకు బయటివైపు కిటికీలు లేవు. పెట్టే వీలూ లేదు.

గోడలు గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు. మందం అడుగున్నర. అడుగున ఇప్పటి ఇళ్ళలో వేసే చెమ్మ ఆపే పొర ఏదీ లేదు. నేల చెమ్మ గోడలోకి కొంత ఎక్కుతుంది, సున్నపు పూత గుండా బయటికి ఆరిపోతుంది. ఎక్కడం, ఆరడం రెండూ సమంగా సాగినంతకాలం గోడకు ఏమీ కాదు. మేడ కప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద అడ్డంగా వరసగా పేర్చిన చిన్న కర్రలు, అవే దంతెలు. వాటి మీద పలచటి చిన్న ఇటుకలు. ఆ ఇటుకలను నిలువు అంచు మీద ఏటవాలుగా సున్నంలో పేర్చారు. ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టిన పొర, దాని మీద బిళ్ళలు. ఇనుప చువ్వ అన్నది ఎక్కడా లేదు. భారమంతా దంతెలది, దూలాలది, గోడలది. సున్నం పూతలో కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి నూరేవారట. మేడ మీద గదిలో ఒక గోడ ఇప్పటికీ అద్దంలా నున్నగా ఉంది, చెయ్యి వేస్తే చల్లగా తగులుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన జిల్లాను ఊడ్చేసిన రోజున ఈ ఇంటి పెంకులు కొన్ని లేచిపోయాయి గానీ గోడ బీటలివ్వలేదని పాత యజమానుల బంధువులే చెప్పారు.

ఇప్పుడు చేసిన మార్పులు చెబుతాను. మండువా మీద స్లాబు వేశారు. ఆ చోటు మధ్య ఫ్లాటుకు హాలు అయింది. తూము పూడ్చి టైల్స్ పరిచారు. లోపలి, బయటి గోడల సున్నం పూత చెక్కేసి సిమెంటు పూశారు. మేడ మీద రెండు ఫ్లాట్లకు రెండు బాత్‌రూములు కొత్తగా కట్టారు. వాటి పైపుల కోసం దంతెలను గాట్లు పెట్టి కోశారు. మేడ పైన రెండు వెయ్యి లీటర్ల ట్యాంకులు పెట్టారు. కింద ఒక అడ్డగోడలో ఏడడుగుల వెడల్పున కొత్త దారి తీశారు. దొడ్డి గుమ్మం మూసి వెనక స్థలాన్ని స్కూటర్లకు ఇచ్చారు. ఆరు కరెంటు మీటర్లూ చెక్కమెట్ల కింద గోడకు బిగించారు.

వీటివల్ల రోజూ ఎవరికి ఏం జరుగుతోందో వరసగా రాస్తున్నాను.

1. చెమ్మ. సిమెంటు పూసిన రెండో వానాకాలానికే నా పడకగది గోడ మీద నాలుగడుగుల ఎత్తు వరకు తెల్లటి ఉప్పు పూసింది. పెయింటు పొరలుగా లేస్తోంది. ఇటుక గిల్లితే పొడి రాలుతోంది. చూడటానికి వచ్చిన ముసలి తాపీ మేస్త్రి గోడ తట్టి, "సిమ్మెంటు ఏసేసినారు కదమ్మా, ఇంక లోన నీరు ఎటు పోద్ది? పైకే పోద్ది" అన్నాడు. ఆయన చెప్పినట్టే చెమ్మ ఏటా జానెడు చొప్పున పైకి పాకుతోంది. పక్క ఫ్లాటులో నాలుగేళ్ళ బాబుకు చలికాలమంతా ఆయాసం. గది గోడ బూజు చూపించి, ముందు ఆ గదిలోంచి పిల్లాణ్ణి మార్చమన్నారు డాక్టరు గారు. వాళ్ళకున్నవే రెండు గదులు.

2. వెలుతురు, గాలి. మధ్య ఫ్లాటులో ఉండే దంపతులు బ్యాంకు లోను పెట్టి కొన్నారు. వాళ్ళ హాలుకు ఒక్క కిటికీ లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ట్యూబ్‌లైటు వెలగాలి. మే నెలలో కరెంటు పోతే ఆరు కుటుంబాలూ వీధి అరుగు మీదికి వచ్చి కూర్చుంటాం.

3. వాన నీరు. పెంకుల కప్పు ఇప్పటికీ లోపలికే వాలి ఉంది. ఆ నీటిని పట్టడానికి స్లాబు మీద రెండు నాలుగంగుళాల పైపులు పెట్టారు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 9,300 లీటర్ల నీళ్ళు. తుపాను రోజున అలాంటి వాన మన వైపు కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర తీరం దాటింది. అక్టోబరు వస్తే మన రెండు జిల్లాల్లోనూ ఆకాశం వైపు చూడని ఇల్లు ఉండదు. రెండు పైపుల్లో ఒకదానికి ఆకు అడ్డుపడినా నీళ్ళు స్లాబు మీద నిలిచి, పెంకుల అంచు కింద నుంచి గోడల్లోకి దిగుతున్నాయి. పోయిన అక్టోబరులో నా వంటింట్లో బియ్యం డబ్బా తడిసింది. అది చిన్న నష్టమే. గోడ తల తడవడం చిన్నది కాదు, దూలం కొన ఆనేది అక్కడే. దూలం మందం మధ్యలో ఎంతున్నా గోడలో దాగిన కొన పుచ్చిపోతే బయటివాళ్ళకు తెలిసే దారి లేదు.

4. బరువు. నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. లెక్క చెబుతాను. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు కడితే దాదాపు రెండు టన్నులు ఉంటుంది. మేడ మీద బాత్‌రూముల కోసం అలాంటి గోడలు కట్టారు. నిండిన ట్యాంకులు రెండూ కలిపి ఇంకో రెండు టన్నులు. ఇంత భారాన్నీ మోస్తున్నవి గాట్లు పెట్టిన దంతెలు. వంపును తట్టుకునే శక్తి కర్ర లోతు వర్గాన్ని బట్టి ఉంటుందని ఇంజనీర్లయిన మీకు నేను చెప్పక్కర్లేదు. తొమ్మిది అంగుళాల దంతెకు మూడంగుళాల గాటు పెడితే మిగిలేది ఆరంగుళాలు. మూడోవంతు కర్రే పోయిందనిపిస్తుంది. వర్గాలు చూస్తే 81లో 36 మిగిలింది, అంటే ఆ చోట బలం సగం కూడా లేదు. పైపు వేసిన ప్లంబరుకు ఈ లెక్క తెలియకపోవచ్చు, అతన్ని అనను. తెలిసినవాళ్ళు ఆ రోజు అక్కడ ఎందుకు లేరు?

ఇంకా ఉంది. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. మా మేడ మీద నుంచి సిరిమాను, అంటే పూజారిని కొన మీద కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, కనబడుతుంది. ఆరు కుటుంబాల చుట్టాలూ, చుట్టుపక్కల పిల్లలూ, పల్లెల నుంచి వచ్చినవాళ్ళూ పైకి ఎక్కుతారు. తరాలుగా ఈ ఇంటి మేడ ఆ రోజు నిండిపోతుంది. అమ్మవారిని చూడటానికి వచ్చినవాళ్ళను మెట్ల దగ్గర ఆపి "పైకి వెళ్ళకండి" అనడం ఎంత కష్టమో ఊరివాళ్ళకు తెలుసు. పోయిన ఏడాది ఆపాం. మెట్లకు అడ్డంగా మంచం పెట్టి ఇద్దరం కాపలా కూర్చున్నాం. ఒక పెద్దావిడ కన్నీళ్ళు పెట్టుకుని దిగి వెళ్ళిపోయింది. ఏటా ఈ టెన్షన్ పడలేం.

5. నిప్పు. మేడ మీద రెండు కుటుంబాలకు దిగడానికి చెక్కమెట్లు తప్ప వేరే దారి లేదు. మీటర్లు ఆ మెట్ల కిందే. దొడ్డి గుమ్మం మూసేశారు. మేడ మీద ఉండే మామ్మగారికి ఎనభై దాటాయి, కర్ర పట్టుకుని నడుస్తారు.

6. అమ్ముకోలేకపోవడం, అప్పు పుట్టకపోవడం. ఒకరు పిల్ల పెళ్ళికి ఫ్లాటు అమ్మబోతే, కొనేవాళ్ళ బ్యాంకు ఆమోదించిన ప్లాను, నిర్మాణ బలానికి ఇంజనీరు ఇచ్చిన పత్రం అడిగింది. మా దగ్గర రెండూ లేవు. బేరం పోయింది.

మేం కొనేముందు ఇవన్నీ ఎందుకు చూసుకోలేదని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఫ్లాట్లు కొనేవాళ్ళ రక్షణకు రెరా చట్టం ఉంది కదా అనుకున్నాం. 2016 నాటి ఆ కేంద్ర చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ప్రాజెక్టును రిజిస్టరు చేయించనక్కర్లేదు. మావి ఆరు. పాత ఇళ్ళను మార్చే పనులు చాలావరకు ఈ హద్దు లోపలే ఉంటాయి. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం రక్షణ ప్రకటించిన కట్టడాలకే పనికొస్తుంది. అరుగున్న ప్రతి ఇంటికీ ఆ ప్రకటన రాదు. కాబట్టి ఇలాంటి ఇల్లు చారిత్రక కట్టడం కిందికీ రాదు, పెద్ద ప్రాజెక్టు కిందికీ రాదు. మధ్యలో మిగిలిపోతుంది. అక్కడ మాకు అండగా ఉండేవి రెండే, ప్లాను గీసిన ఇంజనీరు సంతకం, దాన్ని ఆమోదించిన అధికారి సంతకం. ఆ సంతకాల విలువ ఏమిటో మీ నోటి నుంచి వినాలనుకుంటున్నాం.

మా కోరికలు చెబుతాను.

అన్నిటికంటే ముందు, వచ్చే సిరిమానోత్సవం లోపు ఈ మేడను పరీక్షించాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒక్కరే వస్తే చాలదు. పాత కర్ర, పాత సున్నం తెలిసిన వడ్రంగిని, మేస్త్రిని వెంట తీసుకురావాలి. కింద సీలింగు షీట్లు విప్పి ప్రతి దంతెనూ, ప్రతి దూలం కొననూ చూడాలి. ఎన్ని కోశారో, ఎంత లోతు కోశారో కాగితం మీద రాసి మాకు ఇవ్వాలి. ఆ లోపు ట్యాంకులు కిందికి దించడానికి మేం సిద్ధం, మోటారు ఖర్చు మేమే పెట్టుకుంటాం. మేడ మీద మనుషులు ఉండవచ్చో లేదో ఖచ్చితంగా చెప్పండి. ఖాళీ చేయాలంటే అది కూడా చెప్పండి, కానీ మామ్మగారికి చోటు చూపించి చెప్పండి.

ఆమోదించిన ప్లాను కాపీ ఇవ్వాలి. ఆమోదమే లేకపోతే లేదని రాసివ్వాలి. ఏ జవాబైనా మాకు పనికొస్తుంది, జవాబు లేకపోవడమే పనికిరాదు.

మండువా తెరవాలి. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. మండువా ఇప్పుడు మధ్య ఫ్లాటు దంపతుల హాలు, ఇంకా ఎన్నో ఏళ్ళు దానికి వాయిదాలు కట్టాలి వాళ్ళు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఈ మాట రాసేముందు వాళ్ళ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చున్నాను. వాళ్ళు ఒప్పుకున్న పద్ధతి ఇది: స్లాబు తీసేసి, వాన లోపలికి కొట్టకుండా చుట్టూ గాలి ఆడేటట్టు ఎత్తుగా ఒక కప్పు వేయాలి, తూము మళ్ళీ తెరవాలి, పోయిన చదరపు అడుగులకు బిల్డరు వాళ్ళకు డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ డబ్బు ఇప్పించడం మా చేతిలో లేదు. అధికారులు పూనుకోవాలి. మండువా ఏ ఒక్కరికీ చెందదు, ఆరుగురి ఉమ్మడి స్థలమని దస్తావేజుల్లో సవరణ కూడా రాయించాలి.

సిమెంటు పూత తీసి సున్నం పూత వేయించుకునే ఖర్చు మేం భరిస్తాం. కానీ గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన రెండు జిల్లాల్లో ఎవరెవరు మిగిలారో ఇంజనీర్లయిన మీరు వెతికిపెట్టండి. మా దగ్గరికి వచ్చిన ముసలాయన కొడుకులు ఇద్దరూ టైల్స్ పనిలోకి వెళ్ళిపోయారు. ఆయన ఉండగానే నలుగురు కుర్రాళ్ళు ఆయన పక్కన నిలబడి చేయి తిప్పడం నేర్చుకుంటే మా ఒక్క ఇంటికే కాదు, కోట చుట్టుపక్కల మిగిలిన పాత ఇళ్ళన్నిటికీ మంచిది.

మీటర్లు మెట్ల కింద నుంచి వీధి గోడకు మార్చాలి. దొడ్డి గుమ్మం తెరిపించాలి. ఈ రెండూ వారం రోజుల పని.

ఇక ముందు సంగతి. పాత ఇంటిని రెండు లేదా అంతకంటే ఎక్కువ ఫ్లాట్లుగా మార్చుతామని దరఖాస్తు వచ్చినప్పుడు, ఆరు అయినా అరవై అయినా, ఉన్న ఇంటిని ముందు కొలిచి గీసిన ప్లాను జతచేయాలని నియమం పెట్టండి. అందులో మండువా, తూము, బరువు మోసే గోడలు, దూలాలు, దంతెలు ఏ దిక్కున నడుస్తున్నాయో కనబడాలి. వాటిలో వేటిని ముట్టుకుంటున్నారో ఎర్ర సిరాతో చూపించాలి. ఆ ప్లాను ఇంటి గోడకు అంటించి, కొనబోయేవాళ్ళు చదువుకునేలా ఉంచాలి. నాకు ఆ కాగితం ఒక్కటి కనబడి ఉంటే, మండువా చోట స్లాబు గీత చూసి వెనక్కి వెళ్ళి ఉండేదాన్ని. లేదా మండువా తెరిచి ఉంచితేనే కొంటానని పట్టుబట్టి ఉండేదాన్ని.

ఇంజనీర్లకు వేరుగా ఒక మాట. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే అయి ఉంటారు. మార్కులు వేసేటప్పుడు జవాబు సరిగా ఉంటే చాలదు, దారి కూడా రాయమనేదాన్ని. ఇప్పుడూ అదే అడుగుతున్నాను. సంతకం పెట్టేముందు సైటుకి వెళ్ళండి, కప్పు విప్పి చూడండి, చూసింది రాయండి.

ఈ లేఖతో పాటు మా మూడు అర్జీల కాపీలు, రసీదులు, కోసిన దంతెల ఫొటోలు, నెలనెలా కొలిచి రాసుకున్న చెమ్మ ఎత్తుల పట్టిక విడిగా కార్యాలయంలో అందజేస్తున్నాం. మీరు ఏ రోజు వచ్చినా ఇంట్లో ఎవరో ఒకరం ఉంటాం. ఉదయం పది లోపు వస్తే మేస్త్రి కూడా ఉంటాడు. నిచ్చెన, టార్చిలైటు మా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
ఆరు ఫ్లాట్ల కుటుంబాల తరఫున,
వెనకవైపు ఫ్లాటులో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
విజయనగరం